మడత నలగని చొక్కా

బెయిలు ఇవ్వకూడదని వాదిస్తూ పీపీ అమ్మగారు ఆ మాట అన్నప్పుడు కోర్టు హాల్లో ఎవరూ తల ఎత్తలేదు, ఒక్క ముద్దాయి తప్ప.

పీపీ అంటే పబ్లిక్ ప్రాసిక్యూటరు, ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే లాయరు. ఆ పనిలోనే తల నెరిసిన మనిషి ఆవిడ. ఏ మాట ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషని ఎదుటి పక్షం వాళ్ళే ఒప్పుకుంటారు. అలాంటి ఆవిడ నోరు జారింది.

కేసు చిన్నది కాదు. బజారు గేటు దగ్గర కాపలావాణ్ణి పట్టపగలు ఇనుపగొట్టాలతో కొట్టి చంపారు. కొట్టిన ఇద్దరూ పరారీ. పక్కన నిలబడి, "చాలదు, ఇంకొకటి వెయ్యండి" అన్నవాడు మాత్రం దొరికాడు. అతన్ని బజారంతా బావ అంటుంది. ఎవరి అక్కనీ కట్టుకోలేదు, ఎవరి చెల్లెలికీ మొగుడు కాడు, అయినా అందరికీ బావే. కొట్టు తెరవాలంటే బావతో చెప్పాలి, మూయాలన్నా బావతోనే చెప్పాలి. కాపలావాడు ఒకసారి బావ లారీకి గేటు తియ్యనన్నాడు. చేసిన నేరం అంతే.

చూసినవాళ్ళు బోలెడుమంది. చూశానన్నది ఒక్కరే. ఆ ఒక్కరి పేరూ పనీ ఉండే చోటూ బయటపడకూడదని జడ్జిగారు ముందే చెప్పారు. ముద్దాయి లాయరుకు ఇచ్చిన ప్రతుల్లో ఆ వరుసలన్నిటి మీదా నల్లసిరా పూశారు. కాగితాల్లో ఆ మనిషి మూడో సాక్షి, అంతే. కానీ పీపీ చేతిలో ఉండేది సిరా పూయని ప్రతి. ఎన్నో ఏళ్ళుగా ఆమె అందులోంచే చదువుతుంది. చదువుతూనే దాటేయవలసినవి కళ్ళతో దాటేస్తుంది. ఆ రోజు దాటలేదు. నిజంగా చూసిన మనిషైతే కేక వెయ్యదా అని ముద్దాయి లాయరు వెటకారం చేసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"కేక వెయ్యడానికి గొంతు పెగలాలి కదండీ. చేతిలో కాలే ఇస్త్రీపెట్టె పట్టుకుని కొయ్యబారిపోయింది. కింద బట్ట మాడుతున్నా తెలియలేదు," అంది.

జడ్జిగారు తల పంకించారు. టైపు చేసే ఆవిడ, సాక్షి భయంతో నిలబడిపోయింది అని క్లుప్తంగా కొట్టి ఊరుకుంది. బోనులో అంతసేపూ కిటికీ వైపు చూస్తున్న బావ మాత్రం తల తిప్పాడు. తన చొక్కా చేతిమడత వైపు చూసుకున్నాడు. అక్కడ ఉన్న ముడతను బొటనవేలితో నెమ్మదిగా సర్దాడు, ఏదో గుర్తొచ్చినవాడిలా.

బజారు గేటుకు ఎదురుగా ఇస్త్రీ కొట్టు ఒక్కటే ఉంది.

బెయిలు రాలేదు. అందరూ పీపీని మెచ్చుకున్నారు. కేసు పట్టిన ఇన్‌స్పెక్టరు, "మేడమ్, మీరు మావైపు ఉన్నంతకాలం మాకేం భయం," అని నవ్వాడు. మీవైపూ కాదు, వాళ్ళవైపూ కాదు అని ఆమె ఎప్పుడూ అనే మాట ఆ రోజు నోటికి రాలేదు. కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే తన మాట తనకే మళ్ళీ వినిపించింది. గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత తనకు తానే నచ్చజెప్పుకుంది: ముద్దాయి వినలేదేమో, విన్నా పట్టించుకోలేదేమో, అంత చిన్న ముక్కను ఎవరు పట్టుకుంటారు. రికార్డులో లేని మాట అననట్టే.

*

విచారణ మొదలయ్యే ముందు సాక్షుల్ని ఒక్కొక్కరినే పిలిచి, వాళ్ళు ఇదివరకు చెప్పింది వాళ్ళకే చదివి వినిపిస్తుంది పీపీ. ఇలా చెప్పు, అలా చెప్పు అని నేర్పదు. కోర్టు అంటే బెరుకు పోవడానికి, ఎక్కడ నిలబడాలో ఎవరి వైపు చూడాలో చెబుతుంది. సాక్షి ఎవరైనా మీరు అనే అంటుంది.

మూడో సాక్షి, అంటే ఇస్త్రీ ఆవిడ, ఆ గదిలోకి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ముంజేతి మీద పాత కాలిన మచ్చలు, కొంగు నడుముకు బిగించిన మనిషి. పోయినసారి వచ్చినప్పుడు పీపీ నల్లకోటు చూసి, "ఇంత చదివి ఇంత నలిగిన కోటేంటమ్మగారూ," అని వేళాకోళమాడింది. ఈసారి కోటు వైపు చూడనే లేదు.

చొక్కాల సంగతి చెప్పింది. బెయిలు రాని మర్నాటి నుంచి రోజూ ఒకతను కొట్టుకు వస్తున్నాడట. సన్నగా, మర్యాదగా ఉంటాడట. ఒక్క తెల్ల చొక్కా తెస్తాడు. లోపల ఉన్నాయన కోర్టుకు వేసుకోవడానికి, మడత నలక్కూడదక్కా అంటాడు. బల్ల పక్కనే నిలబడి ఆమె చేతుల్నే చూస్తూ ఉంటాడు. అయ్యాక తీసుకుని వెళ్ళిపోతాడు. బెదిరింపు లేదు, తిట్టు లేదు. ఆ చొక్కా తప్ప ఈమధ్య ఆ బల్ల మీదికి ఇంకో బట్ట రావడం లేదు. రోజూ పలకరించే ఇరుగుపొరుగు ఇప్పుడు కొట్టు ముందు నుంచి తల వంచుకుని దాటిపోతున్నారు.

"ఎలా తెలిసిందో నాకు తెలుసమ్మగారూ. పక్క కొట్టులో బొత్తాలు కుట్టే బొత్తాలాయనే చెప్పుంటాడు. ఆ రోజు నా మొహం చూసిందతనే. కడుపులో మాట దాగదు ఆ మనిషికి. మొన్న నలుగురిలో నోటికొచ్చినట్టు కడిగేశాను. పోలీసులకీ చెప్పాను."

పీపీ బల్ల మీద కాగితాలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. గోడ మీద పంకా కిచకిచమంటోంది. ఆ మాట జార్చింది తనేనని చెప్పలేదు.

ఇస్త్రీ ఆవిడ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి అసలు సంగతి అడిగింది. ఆ చొక్కా మనిషే నిన్న చెప్పాడట, పీపీ అమ్మ లేచి ఈ సాక్షి మాకక్కర్లేదు అంటే చాలట, ఎవరూ ఎందుకని అడగరట, అందరూ హాయిగా ఇంటికి పోవచ్చట. నిజమేనా అని.

నిజమే. ఏ సాక్షిని పిలవాలో, ఎవరిని మానాలో పీపీ ఇష్టం. కోర్టు మాటల్లో దాన్ని వదిలేయడం అంటారు.

"అయితే నన్ను వదిలెయ్యండి తల్లీ," అంది ఇస్త్రీ ఆవిడ. ఏడవలేదు. బేరం ఆడే గొంతుతో అడిగింది, అందుకే వినడం మరీ కష్టమైంది.

ఆలోచిస్తానని పంపించింది పీపీ. ఆమెకు జాలేసింది. ఆ జాలి అడుగున ఇంకేదో ఉందని కూడా తెలిసింది. ఈ సాక్షిని వదిలేస్తే తను నోరు జారిన సంగతి ఎవరికీ ఎన్నటికీ తెలియదు. జాలీ పిరికితనమూ ఒకే గుడ్డతో కుట్టిన జేబుల్లా ఉన్నాయి. తన చెయ్యి ఎందులో ఉందో ఆమెకే తెలియలేదు.

*

మర్నాడు ఇన్‌స్పెక్టరు ఫోను చేసి, లీకు చేసినవాణ్ణి పట్టుకొచ్చామన్నాడు. ఆమె స్టేషనుకు వెళ్ళింది.

బొత్తాలాయన గోడవార బెంచీ మీద ఒదిగి కూర్చున్నాడు. పట్టుకొచ్చేటప్పుడు దింపడం మరిచిపోయాడేమో, బొత్తాల డబ్బా ఒళ్ళోనే ఉంది. వణికినప్పుడల్లా డబ్బాలో బొత్తాలు గలగలమంటున్నాయి. ఆ చప్పుడు ఆపడానికి మూత మీద రెండు చేతులూ అదిమి పెట్టుకున్నాడు. ఆమె నల్లకోటు చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, పొద్దస్తమానం నా నోట్లో సూదీ దారమూ ఉంటాయి. నోరు తెరిస్తే సూది మింగుతాను. నా నోటివెంట మాటెలా జారుతుందమ్మా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ పోలీసు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. పీపీకి నవ్వు రాలేదు.

ఇతని మీద సాక్ష్యం ఏముంది, వదిలెయ్యండి అని లోపలి గదిలో ఇన్‌స్పెక్టరుతో చెప్పింది. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. పోయిన కాపలావాడి పిల్లల్ని చూసి వచ్చినప్పటి నుంచి అతనికి సరిగా నిద్ర లేదు. ఇతను కాకపోతే మరి ఎవరో చెప్పండి, అతన్నే తెస్తాను అన్నాడు. పీపీ కిటికీలోంచి బయటికి చూసింది. వదిలేస్తే పై అధికారులు తన చొక్కా పట్టుకుంటారనీ, రేపు కోర్టుకు తీసుకొస్తాననీ చెప్పి అతను ఫైలు మూసేశాడు.

ఇంటికి నడుస్తుంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద ప్రాసిక్యూటరు చెప్పిన మాట గుర్తొచ్చింది ఆమెకు. నేరం చేసినవాడికి శిక్ష పడేలా చూడ్డం మన పనిలో సగమేనమ్మా, చెయ్యనివాడి మీద పడకుండా చూడ్డం మిగతా సగం అనేవాడాయన. ఆ మాటను ఆమె కొత్తగా వచ్చినవాళ్ళకు ఎన్నిసార్లు అప్పజెప్పిందో. అప్పజెప్పడం సులువే.

*

ఇంట్లో ఆమె, ఆమె మావగారు, అంతే. భర్త పోయినప్పుడు, ఇక నేను ఎవరి దగ్గరుండాలి అని ముసలాయన అడగలేదు, మీరు నా దగ్గరే ఉండండి అని ఆమె చెప్పలేదు. మర్నాడు పొద్దున ఇద్దరికీ కాఫీ కలిపింది. అలా కుదిరిపోయింది. ఒక చెవి వినబడని ఆయన రెండో చెవి తనకు కావలసినవాటికే వాడతాడని ఆమె ఆరోపణ.

తలుపు తీసింది ఆయనే. దీపాలు వెయ్యని ముందుగదిలో తెల్లగా నిలబడ్డాడు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న కొత్త తెల్ల చొక్కా. ఇస్త్రీ మడతలు కత్తిలా ఉన్నాయి.

"ఎలా ఉందమ్మాయ్? కొలత తీసినట్టు సరిపోయింది. కోడలుగారు పంపారు, తాతగారు వేసుకోవాలట అన్నాడు. నువ్వే పంపావనుకున్నాను. భలే మర్యాదస్తుడు. మంచినీళ్ళిస్తే తాగాడు. నువ్వు ఎన్నింటికి వస్తావు, నేనొక్కణ్ణే ఉంటానా అని అన్నీ కనుక్కున్నాడు."

ఆమె చెయ్యి గోడను వెతుక్కుంది. ఎవరు వచ్చారని అడగనవసరం లేదు. సన్నగా, మర్యాదగా ఉన్న మనిషి ఈ కుర్చీలో కూర్చుని, ఈ గ్లాసుతో నీళ్ళు తాగి, ముసలాయన భుజాలు కళ్ళతో కొలుచుకుని వెళ్ళాడు.

"విప్పెయ్యండి మావయ్యా."

"ఏం, ముసలాడికి తెలుపు నప్పదా?"

"విప్పెయ్యండి."

ఆయన వంకర వేళ్ళతో ఒక్కొక్క బొత్తామే తీస్తుంటే ఆమె చూడలేక తనే తీసింది. చొక్కాను తాకడం ఇష్టం లేనట్టు కాగితపు సంచీలోకి జార్చింది. తలుపు గొళ్ళెం వేసింది, వేసిందో లేదో మళ్ళీ చూసుకుంది. ఆయన బనీనుతో కుర్చీలో కూర్చున్నాడు.

"నీదేనా తప్పు?" అని అడిగాడు.

ఈయనకి ఎలా తెలిసిందని ఆమె ఉలిక్కిపడింది. తెలియడానికేముంది, ఎదుటివాళ్ళ తప్పైతే నువ్వు నన్ను కేకలేసేదానివి అన్నాడాయన. ఆ మాటకు ఆమె నేల మీద కూర్చుని, బెయిలు రోజు దగ్గర్నుంచి అంతా చెప్పింది. ఆయన వినబడే చెవిని ఇటు తిప్పి, మొత్తం విన్నాడు. సలహా ఏమీ ఇవ్వలేదు. రేపటి నుంచి ఎవరొచ్చినా తలుపు తియ్యనని మాత్రం చెప్పి, చలేస్తోంది, నా పాత చొక్కా ఎక్కడ పెట్టావని అడిగాడు.

*

పొద్దున్నే సంచీ పట్టుకుని ఆమె బజారుకు వెళ్ళింది. ఇస్త్రీ ఆవిడ అప్పుడే కొట్టు తలుపులు తీస్తోంది. సంచీలోని చొక్కా చూడగానే గుర్తుపట్టింది. నిన్న పొద్దున తాను చేసినదే. చేతులు వణికి కాలరు చివర చిన్న ముడత పడిపోయింది, అతను చూస్తాడేమోనని హడలిపోయింది. ముడత అక్కడే ఉంది.

"మీ ఇంటికొచ్చిందా," అంది నెమ్మదిగా. "అయితే మనిద్దరం ఒక మూటలో బట్టలమే అమ్మగారూ."

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని పీపీకి తెలుసు. బల్ల అంచు పట్టుకుని చెప్పింది. బొత్తాలాయన కాదు, పోలీసులు కాదు, నేను. జడ్జిగారి ముందు ఇస్త్రీపెట్టె అన్నాను, వాడు విన్నాడు.

ఇస్త్రీ ఆవిడ చొక్కాను మడతల ప్రకారం మళ్ళీ మడిచింది. చేతికి పని కావాలి కాబట్టి. బొత్తాలాయన మూసిన తలుపు వైపు చూసింది.

"ఆయన పెళ్ళాం నిన్న వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. నేను కాలు లాక్కున్నాను." చొక్కాను సంచీలో పెట్టింది. "మీరు చెప్పకపోతే నాకు చచ్చేదాకా తెలిసేది కాదు. చచ్చేదాకా అంటే ఎంత కాలమోలెండి. ఎందుకు చెప్పారు?"

కోర్టులో చెప్పబోతున్నాను, ముందు మీకు చెప్పాలి కదా అంది పీపీ. తను అడగబోయేది కూడా చెప్పింది. సాక్షి నోరు విప్పనంతకాలమే ఆ నోటితో వాళ్ళకు పని. విప్పేశాక, అది జడ్జిగారి రికార్డులోకి ఎక్కేశాక, మూయించి లాభం లేదు. భయం పూర్తిగా పోతుందని చెప్పను, కానీ తగ్గుతుంది. అందుకని విచారణ దాకా ఆగకుండా, తలుపులు మూసి, ఈ రోజే మీ మాట వినమని అడుగుతాను. జడ్జిగారు ఒప్పుకోవాలి. మీరూ ఒప్పుకోవాలి. వద్దంటే ఈ క్షణమే వదిలేస్తాను, అది మీ మీద జాలితోనే, నా కోసం కాదు.

"ఒప్పుకోకపోతే మాత్రం రేపు చొక్కా రాదా?" అంది ఇస్త్రీ ఆవిడ. జవాబు కోసం చూడకుండా ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టి, కొట్టుకు తాళం వేసింది. ఇద్దరూ కోర్టుకు నడిచారు. రోడ్డు దాటేటప్పుడు పీపీ ముంజెయ్యి పట్టుకుంది, దాటాక వదిలేసింది.

*

కోర్టులో పీపీ లేచేసరికి, ఆ రోజు కేసు తేదీ కావడంతో జైలు నుంచి తెచ్చిన బావ బోనులో ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఆమె చేతిలోని సంచీ వైపు చూసి, చుట్టాన్ని చూసినట్టు చిరునవ్వు నవ్వాడు. ఆమె బల్ల మీద అరచెయ్యి ఆనించి మాట్లాడింది.

చొక్కాల సంగతి చెప్పింది. సంచీ ముందు పెట్టింది. సాక్షిని ఈ రోజే, మూసిన హాల్లో విచారించాలని అడిగింది. సాక్షి ఎవరో ముద్దాయికి ఎలా తెలిసిందని జడ్జిగారు అడిగారు. వెనక బెంచీలో ఇన్‌స్పెక్టరు, బొత్తాలాయన భుజం మీద చెయ్యి వేసి లేవబోయాడు.

"నా వల్ల తెలిసిందండి," అంది పీపీ. "బెయిలు వాదనలో ఇస్త్రీపెట్టె అన్నాను. రికార్డులోకి ఎక్కలేదు. ముద్దాయి విన్నాడు. వెనక కూర్చున్న ఆయనకు దీనితో ఏ సంబంధమూ లేదు. తెలిసీ చెప్పకుండా ఆయన్ని ఒక రాత్రి స్టేషన్లో ఉండనిచ్చాను."

టైపు చప్పుడు ఆగింది. ముద్దాయి లాయరు ముందు నమ్మలేదు, తర్వాత ఉత్సాహంగా లేచాడు. పీపీయే తప్పు ఒప్పుకున్నాక ఆవిడ ఈ కేసు నడపడానికి వీల్లేదనీ, కొత్త ప్రాసిక్యూటరు వచ్చేదాకా వాయిదా వెయ్యాలనీ అడిగాడు. మొదటిది న్యాయమైన మాటే. రెండోదే ఆమెను భయపెట్టింది. వాయిదా అంటే ఇంకొన్ని చొక్కాలు.

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడ ఈ కేసులోంచి తప్పుకోవాలన్నారు. ఆ మీదట ఏం చెయ్యాలో పైవాళ్ళకు రాస్తానన్నారు. సాక్షి వచ్చి ఉంది కాబట్టి ఈ రోజే వింటాను, పక్క హాలు ప్రాసిక్యూటరును పిలవండి అని చెప్పారు.

పక్క హాలు ప్రాసిక్యూటరును కోర్టంతా వాయిదాగారు అంటుంది. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. మోకాలు నొప్పన్నా వాయిదా, వానొచ్చేలా ఉందన్నా వాయిదా. తన పెళ్ళికి కూడా వాయిదా అడిగాడని గుమస్తాలు చెప్పుకుంటారు. ఆయన రొప్పుతూ వచ్చి కేసు కట్ట అందుకున్నాడు. ఆమె ఒక్క మాట చెప్పబోయింది. ఇక చెప్పే హక్కు తనకు లేదు. ఇన్నేళ్ళుగా కూర్చున్న కుర్చీలోంచి లేచి, అందరితో పాటు బయటికి నడిచింది. వెనక తలుపులు మూసుకున్నాయి.

*

వసారాలో బెంచీ మీద ఒక చివర ఆమె, మరో చివర ఇన్‌స్పెక్టరు వదిలేసిన బొత్తాలాయన. ఎదుటి గోడకు ఆనుకుని సన్నగా, మర్యాదగా ఉన్న ఒక మనిషి నిలబడ్డాడు. ఆమె అతన్ని అంతకుముందు చూడలేదు, అయినా ఎవరో తెలిసింది. చంకలో ఖాళీ సంచీ ఉంది. ఇటు చూసి తల వంచి నమస్కారం పెట్టాడు.

తలుపు వెనక నుంచి గొంతులు వస్తున్నాయి, మాటలు రావడం లేదు. వాయిదాగారి దగ్గు వినిపించింది. తర్వాత నిశ్శబ్దం. ఇదిగో ఇప్పుడు అడుగుతాడు అనుకుంది ఆమె. కేసు చదవలేదండి, సమయం కావాలండి అంటాడు. తలుపు తెరుచుకుంటుంది, ఇస్త్రీ ఆవిడ బయటికి వస్తుంది, ఈ సంచీవాడు వెనకాలే నడుస్తాడు. మళ్ళీ దగ్గు. కుర్చీ జరిగిన చప్పుడు.

బెంచీ కిర్రుమంది. బొత్తాలాయన ఇటు జరిగి, ఎదుటి మనిషి చూపుకు అడ్డంగా కూర్చున్నాడు. పక్షిలాంటి మనిషి, ఆయన అడ్డం వల్ల ఆగేది ఏమీ లేదు. డబ్బా తెరిచి ఒక నల్ల బొత్తాం వెతికి తీశాడు. మీ కోటుకు పైది ఊడిందమ్మా, వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను అన్నాడు. ఆమె క్షమించమని అడగబోతే, నోట్లో సూది ఉందన్నట్టు సైగ చేసి, కోటు ఇమ్మని చెయ్యి చాపాడు.

అప్పుడు తలుపు వెనక ఒక గొంతు పెద్దదైంది. ఇస్త్రీ ఆవిడ గొంతు. మాటలు అర్థం కాలేదు కానీ తీరు తెలిసింది. నలిగిన కోటు గురించి వేళాకోళమాడిన గొంతే. అడిగినదానికల్లా జవాబు చెబుతున్న గొంతు. అది ఆగడం లేదు. ముద్దాయి లాయరు గొంతు దాని మీద పడింది, పక్కకు తప్పుకుంది. ఎదుటి గోడ దగ్గర మనిషి ఇప్పుడు చిరునవ్వు నవ్వడం లేదు.

తలుపులు తెరుచుకునేసరికి కోటుకు బొత్తాం పడింది. ముందు వాయిదాగారు వచ్చాడు, చెమటతో తడిసి. "ముప్పై ఏళ్ళుగా ఎన్ని అడిగానో," అన్నాడు ఆమెతో, కళ్ళు కలపకుండా. "వాళ్ళ లాయరు నా ముఖం చూసి ధీమాగా కూర్చున్నాడమ్మా, నేనే అడుగుతానని. ఈ ఒక్కటీ అడగబుద్ధి కాలేదు." ఆ మాటనేసి, మోకాలు పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఇస్త్రీ ఆవిడ బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడింది. బావను చూపించమంటే చూపించాను, ఒంటి మీద చొక్కా కూడా నేను చేసిందేనని చెప్పాను, జడ్జిగారు రెండు చొక్కాలూ పక్కపక్కన పెట్టించి చూశారు అంది. తర్వాత బొత్తాలాయన వైపు తిరిగింది, కొంగుతో మొహం తుడుచుకుంది. నా కొట్టు తలుపు నిన్నటి నుంచి మూసే ఉంది కదా, ఎలకలు దూరుంటాయి, పద అన్నాడాయన. అదే ఆయన రాజీ.

ముగ్గురూ ఇన్‌స్పెక్టరు కాపలాకు ఇచ్చిన పోలీసు వెంట బజారుకు నడిచారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. వెనక చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా ముగ్గురి నడకా ఒక్కసారే వేగమయ్యేది.

ఇస్త్రీ ఆవిడ పెట్టె వేడి చేసింది. వెయ్యడానికి బట్ట లేదు. అలవాటు కొద్దీ వేలు తడిచేసి పెట్టెకు తాకించి చూసింది. ముగ్గురూ రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డారు. బల్ల మీద మనిషి నీడ పడింది. ఇస్త్రీ ఆవిడ పెట్టె పిడి బిగించి పట్టుకుంది.

మూట చంకన పెట్టుకుని పీపీగారి మావగారు నిలబడ్డాడు, ఆయాసపడుతూ.

"మా కోడలు ఉన్న ఒక్క మంచి చొక్కా లాగేసుకుంది," అన్నాడు ఇస్త్రీ ఆవిడతో, గట్టిగా, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు. "ఇవన్నీ పాతవే, నలిగినవే. చెయ్యి తల్లీ, నేను కూర్చుంటాను. తొందరేమీ లేదు."

తలుపు తియ్యనన్నారు కదా మావయ్యా అంది పీపీ. ఎవరైనా వస్తే తియ్యనన్నాను, నేను వెళ్తే తియ్యనన్నానా అన్నాడాయన. బొత్తాలాయన ముక్కాలిపీట తెచ్చి వేశాడు. ఇస్త్రీ ఆవిడ మొదటి చొక్కా పరిచి, దాని మీద నీళ్ళు చిలకరించింది.

గేటు దగ్గర, కాపలావాడు కూర్చునే ఖాళీ స్టూలు పక్కన, సన్నటి మనిషి వచ్చి నిలబడ్డాడు. ఈసారి చేతిలో సంచీ లేదు. అది మంచికో చెడుకో తెలియలేదు. పోలీసు అటు రెండడుగులు వేశాడు. ఆ మనిషి కదల్లేదు. పీపీ లోపలికి రాకుండా గుమ్మంలోనే, అతనికి కనిపించేలా నిలబడింది.

బల్ల మీద ఆవిరి లేచింది. ఇస్త్రీ ఆవిడ తల ఎత్తి అటొకసారి చూసింది, తర్వాత కాలరు వైపు చూసుకుని, పెట్టె కదిలించింది.